గింజలో అమ్మ

ఇంటికొచ్చిన ఆడపడుచుకు మంచినీళ్లు కూడా ఇవ్వని మరదలు జెండాగుట్ట తండా మొత్తంలో సాల్కీబాయి ఒక్కతే. మరిచిపోయి కాదు, పట్టుబట్టి. శశికళ కారు దిగి వాకిట్లోకి రావడం చూసి, అరుగు మీదున్న నీళ్లబిందె ఎత్తుకెళ్లి లోపల పెట్టి, తలుపు దగ్గరకేసి, మళ్లీ వచ్చి చేట ముందు కూర్చుని కందులు చెరగడం మొదలుపెట్టింది.

శశికళ చూసీ చూడనట్టు చెప్పులు విడిచి అరుగు అంచున కూర్చుంది. హైదరాబాదులో ఆమెను డాక్టర్ ధరావత్ శశికళ అంటారు. పిల్లల మాట మీద పరిశోధన చేసే పెద్ద ల్యాబులో ఆమె గదికి ఎవరైనా తలుపు తట్టే వెళ్లాలి. ఉట్నూరు అడవి పక్కనున్న ఈ తండాలో మాత్రం ఆమె లచ్చిరాం అక్క, అంతే. లచ్చిరాం ట్రాక్టర్ తోలడానికి పొద్దున్నే వెళ్లిపోయాడు. ఇంట్లో ఉన్నది అతని భార్య సాల్కీబాయి, వాళ్ల నాలుగేళ్ల కూతురు కావేరి.

సాల్కీబాయిది సరిహద్దుకు అవతల, మహారాష్ట్రలో కిన్వట్ పక్క తండా. పెళ్లయి వచ్చి ఆరేళ్లయినా ఆమెకు తెలుగు అబ్బలేదు. పుట్టింటి నుంచి తెచ్చుకున్న లంబాడీ మాట, సంతలో పనికొచ్చే మరాఠీ కాస్త. చేలో, ఇంట్లో, బోరింగు దగ్గర అందరూ లంబాడీయే మాట్లాడతారు కాబట్టి ఇంతకాలం ఆమెకు ఏ లోటూ తెలియలేదు. వదినా మరదళ్లు ఇప్పుడు పోట్లాడుకోబోతున్నది కూడా ఆ మాటలోనే.

"కావేరీ, రా బిడ్డా, రొట్టె తిందువు," సాల్కీబాయి పిలిచింది.

కావేరి అరుగు చివర వీపు తిప్పుకుని కూర్చుని సీసా మూతలు పేరుస్తోంది. తల తిప్పలేదు. సాల్కీబాయి రెండోసారి పిలిచింది. మూడోసారి దగ్గరకెళ్లి భుజం మీద చెయ్యి వేసింది. పిల్ల ఆ చెయ్యి తీసేసి, చక్కటి తెలుగులో, "సెంటర్ల మాట్లాడినట్టు మాట్లాడు. అప్పుడు తింట" అంది.

"ఏమంది?" సాల్కీబాయి ఆడపడుచును అడిగింది.

శశికళ తడబడింది. "ఆకలి లేదంట."

"నాకు తెలుగు రాదు గని వదినా, మొహాలు చూసుడు వచ్చు. నీ మొహం అబద్ధమాడుతుంది."

కన్నకూతురు ఏమందో ఇంకొకరిని అడిగి తెలుసుకోవలసిన గతి ఏ తల్లికీ పట్టకూడదు. సాల్కీబాయికి పట్టింది. పట్టించింది ఎదురుగా కూర్చున్న ఆడపడుచే.

కావేరి కుడి చెవి వెనక ఎముక మీద కందిగింజంత బిళ్ల ఒకటి అంటుకుని ఉంది. ల్యాబులో దాని పేరు అమ్మగొంతు. తండాలో దాన్ని గింజ అంటారు. అంగన్‌వాడీ సెంటర్లో సుగుణ టీచరు తెలుగులో "పిల్లలూ, చేతులు కడుక్కోండి" అంటే, ఆ గింజ ఆమె గొంతును అణిచేసి, మాటను లంబాడీ చేసి, ఏ పిల్లకు ఆ పిల్ల తల్లి గొంతుతో చెవిలో చెబుతుంది. పిల్ల లంబాడీలో జవాబిస్తే టీచరు చెవి దగ్గరున్న గింజ తెలుగు చేస్తుంది. ఇంటి మాట పోకుండా, బడి మాటకు బెదరకుండా తండా పిల్లలు ఎదగాలని శశికళ ఏడేళ్లు కూర్చుని చేసిన పని అది. జెండాగుట్టలో మొట్టమొదట పెట్టింది సొంత మేనకోడలికే, పిల్లకు రెండున్నరేళ్లప్పుడు. తండాలోని మిగతా పదిమంది పిల్లలకు పెట్టింది ఆ తర్వాత ఏడాదికి.

సాల్కీబాయి చేట పక్కకు నెట్టింది.

"పోయిన వారం పిల్లకు జ్వరమొచ్చింది. నీ తమ్ముణ్ని ఇంట్ల కూసోవెట్టి, ఆ గింజ నా చెవెనక పెట్టుకుని సెంటరుకు పోయిన. కిటికీ పక్క నిలవడ్డ. సుగుణ టీచర్ నోరు తెరిచింది, నా గొంతు వినవడ్డది. సరే, అది నువ్వు ముందుగాలనే చెప్పినవ్. కాని ఆ గొంతు తెలుగు మాట్లాడుతుంది వదినా. యాడనో ఒక్క మాట మనది, తక్కినదంత తెలుగు. నాకు రాని మాటలు, నా గొంతుతోని. నవ్వుకుంట, ముద్దు చేసుకుంట."

శశికళ నేల చూసింది.

"నా బిడ్డ ఏమనుకుంటుందో నీ తమ్ముడు అడిగి చెప్పిండు. అమ్మకు తెలుగు బాగొస్తదంట. సెంటర్ల పొద్దంత మాట్లాడుతదంట. ఇంటికొచ్చినంక కావాలనే రానట్టు చేస్తదంట. అందుకే నాతోని మాట్లాడదంట. అది నన్ను యాడీ అని పిలిచి మూడు నెలలైంది."

యాడి అంటే లంబాడీలో అమ్మ. శశికళ కూడా తన తల్లిని అలాగే పిలిచి పెరిగింది.

"అవి మెట్లు, సాల్కీ," అంది. "ఆరేండ్లకు ఒకటో తరగతికి పోవాలె. ఆడ గింజ ఉండదు. అందుకని రెండు నెలలకోసారి మన మాట ఇంత తగ్గిస్తది, తెలుగు ఇంత పెంచుతది. అమ్మ గొంతైతే పిల్లలు భయపడరని అట్ల పెట్టినం. కావేరి అందరికన్న ముందు మొదలైంది, తొమ్మిదో మెట్టు మీదుంది. మిగిలినోళ్లు ఇంక మూడో మెట్టే."

"ఇది మాకెప్పుడు చెప్పినవ్?"

"కాగితంల ఉండె."

"కాగితం తెలుగుల ఉండె."

శశికళ అరుగు మీద పడ్డ కందిగింజలు ఏరి చేటలో వేసింది.

"ఎవలు పెట్టమన్నరు ఈ మెట్లు?"

"సర్కారు కమిటీ. మెట్లు లేకపోతే గింజనే వద్దన్నరు. నేను సంతకం పెట్టిన."

"ఆ గింజ తీసి పారేద్దమని తీసిన కూడ. గింజ లేకుంట పోతే సెంటర్ల మూడు దినాలు గోడకు మొహం పెట్టి కూసుందంట. ఇంటికొచ్చి నా దిక్కు చూడలే, మెతుకు ముట్టలే. ఆకరికి నేనే పెట్టిన. ఈ చేతులతోనే పెట్టిన." సాల్కీబాయి అరుగు మీద అరచెయ్యి చరిచింది. "నా గొంతు మల్ల మన మాట మాట్లాడాలె. నా బిడ్డ నాకు గావాలె. ఎక్కిచ్చింది నువ్వే, దించేది నువ్వే."

"రేపే చూస్త," అని శశికళ లేచింది. పోతూ పోతూ మేనకోడలి తల నిమిరింది. "బాయ్ అత్తా" అని కావేరి నోరారా నవ్వింది. ఆ నవ్వు తనకు కానందుకు సాల్కీబాయి మొహం తిప్పుకుంది.

*

శశికళను ఐదేళ్లప్పుడు ఊళ్లో తెలుగు బడికి పంపారు. ఒకనాడు క్లాసులో కడుపులో మెలిపెట్టే నొప్పి వచ్చింది. ఆ సంగతి తెలుగులో ఎలా చెప్పాలో తెలియలేదు. లేచి నిలబడమంటే లేవలేకపోయింది. మొండిదని సారు బెత్తంతో కొట్టాడు. నొప్పి ఆ సాయంత్రానికే తగ్గింది కానీ కోపం ముప్పై ఏళ్లయినా తగ్గలేదు. ఆ కోపంతోనే చదువుకుంది, ఆ కోపంతోనే గింజ తయారుచేసింది.

అది ఒక్కరోజులో అయిన పనీ కాదు. మొదట ల్యాబు పరీక్షల్లో ఎవరిదో తియ్యటి గొంతు పెడితే పిల్లలు పీకి పారేశారు. తల్లి గొంతు పెడితే ఊరుకున్నారు. అంతలో ఒక తల్లికి జలుబు చేసింది. ఇంట్లో గొంతు బొంగురు, గింజలో గొంతు శుభ్రం. ఆ పిల్ల చెవి మీద కొట్టుకుంటూ గుక్కపట్టింది. పిల్లలకు కావలసింది ఎప్పటిదో అమ్మ కాదు, ఇవాళ్టి అమ్మ అని అప్పుడు అర్థమైంది. అందుకని ఇంటికో డబ్బా ఇచ్చారు. ప్రతి ఆదివారం తల్లి దాని ముందు కూర్చుని ఒక గంట ఏది తోస్తే అది మాట్లాడాలి. మర్నాటి పొద్దుటికి ఆ గొంతు, ఆ తీరు గింజలోకి చేరతాయి.

డబ్బాలోకి వెళ్లే దగ్గు, తుమ్ము, ఏడుపు వడగట్టడానికి ల్యాబువాళ్లు ఒక జల్లెడ తయారుచేశారు. ఏడుపు దగ్గర శశికళ అడ్డం తిరిగింది. లంబాడీ ఆడవాళ్లకు ఏడవడం కూడా మాట్లాడటమే. పెళ్లికి ముందు పెద్దావిడలు పెళ్లికూతురికి ఢావ్లో నేర్పుతారు. పుట్టింటిని, తోబుట్టువులను, గొడ్డూగోదను పేరుపేరునా పిలుస్తూ రాగం తీసి ఏడవడం అది. చాలాకాలానికి కలుసుకున్న ఆడవాళ్లు మెడలు పట్టుకుని అలా ఏడుస్తూనే కష్టం సుఖం అంతా చెప్పేసుకుంటారు. "మా ఏడుపు మీకు రొదలా వినిపిస్తే తప్పు మీ చెవులది" అని శశికళ నలుగురిలో అనేసి, ఏడుపును ఆ జల్లెడలోంచి తప్పించింది. తండాలో డబ్బాలు పంచిన రోజు తల్లులందరికీ ఈ సంగతి గొప్పగా చెప్పుకుంది కూడా. మీరు నవ్వితే గింజ నవ్వుతుంది, విసుక్కుంటే విసుక్కుంటుంది, ఏడిస్తే ఏడుస్తుంది, మీలోంచి దేన్నీ తీసెయ్యనివ్వలేదు అంది.

తీసెయ్యనివ్వనిది ఏడుపునే. మాటను తీసెయ్యడానికి మాత్రం సంతకం పెట్టింది.

సోమవారం పొద్దున్నే ఆమె డైరెక్టర్ నరహరి గదికి వెళ్లింది. నరహరి నెమ్మదిగా మాట్లాడే మనిషి. గొంతు పెంచకుండానే ఎదుటివాళ్ల నోరు మూయించడం ఆయనకు తెలుసు.

"జెండాగుట్టలో మెట్లు వెనక్కి తిప్పుతాను సార్. పిల్ల తల్లిని వదిలేస్తోంది."

"ఏ పిల్ల?"

"కావేరి. నా మేనకోడలు."

"ఆ అమ్మాయి గుక్కతిప్పుకోకుండా తెలుగు మాట్లాడుతున్న వీడియో నువ్వే పంపావు. కమిటీవాళ్లు మూడుసార్లు చూశారు."

"మనం మొదలుపెట్టింది ఇంటి మాట నిలబెట్టడానికి సార్. ఇప్పుడు ఆ ఇంట్లో తల్లీకూతుళ్ల మధ్య మాటే లేదు."

"మొదలుపెట్టింది దేనికైనా, ఇవాళ అది ఏమైందో అదే మనం చూపించగలం." నరహరి కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "గురువారం కమిటీ జెండాగుట్టకే వస్తోంది. వాళ్లు తలూపితే మూడు వందల సెంటర్లకు గింజలు వెళతాయి. నువ్వు ఇవాళ మెట్లు తిప్పేస్తే గురువారం నాటికి ఆ పిల్లలు మళ్లీ లంబాడీ వింటూ కూర్చుంటారు. ఏం చూపిస్తావు?"

"అది మా ఇంటి పిల్ల సార్."

"అందుకే చెబుతున్నాను. వదినా మరదళ్ల గొడవ ప్రయోగంలోకి తేవద్దు."

మెట్లు తిప్పడానికి శశికళకు నరహరి అనుమతి అక్కర్లేదు. తన గదిలో కూర్చుని, తన కంప్యూటర్లో, నాలుగు నిమిషాల పని. ఆమె ఆ పేజీ తెరిచింది కూడా. మూడు వందల తండాలు గుర్తొచ్చాయి. బెత్తం గుర్తొచ్చింది. కమిటీ ముందు తను నిలబడి మాట్లాడబోయే మాటలు గుర్తొచ్చాయి, నిజానికి అవే ముందు గుర్తొచ్చాయి. శుక్రవారం తిప్పుదాం అనుకుని పేజీ మూసేసింది. ఇక్కడ ఆమెను వెనకేసుకు రావడానికి ఏమీ లేదు. నాలుగు రోజుల్లో ఏం కొంప మునుగుతుందిలే అనుకుంది, అంతే.

మంగళవారం మధ్యాహ్నం సాల్కీబాయి ఫోన్ చేసింది.

"దించినవా?"

"శుక్రవారం దించుత సాల్కీ. నా మీద ఒట్టు. గురువారం పెద్దోళ్లు వస్తున్నరు, అది కానియ్యి."

"అంటే గురువారం నా బిడ్డను నిలవెట్టి చూపెట్టుకుంటవ్."

"అట్ల కాదు. మూడు వందల తండాల పిల్లల సంగతి ఇది."

"మూడు వందల తండాల పిల్లలు తల్లుల మీద అలుగుతరు, గదే గద? చిన్నప్పుడు నిన్ను కొట్టిండని చెప్తవు చూడు, ఆ సారు. ఆయన నీ వీపు మీదనే కొట్టిండు వదినా. మీ యాడి దగ్గరనుంచి నిన్ను గుంజుకోలే."

ఫోన్ పెట్టేసింది. శశికళకు ఒళ్లు మండింది. చదువులేని మనిషికి ఇంత నోరేమిటి అనిపించింది. అలా అనిపించినందుకు సిగ్గు కూడా వేసింది, కానీ ఒళ్లు మండటం మాత్రం తగ్గలేదు.

బుధవారం సాయంత్రం ఉట్నూరు చేరి గెస్ట్ హౌసులో ట్యాబ్ తెరిచేసరికి ఆమెకు ప్రాణం లేచొచ్చింది. ఆదివారం కాకపోయినా ఆ మధ్యాహ్నం జెండాగుట్టలో పదకొండు డబ్బాలూ నిండాయి. ఒక్కొక్క తల్లి రెండేసి గంటలు మాట్లాడింది, సాల్కీబాయితో సహా. పెద్దవాళ్లు వస్తున్నారని ఆడవాళ్లంతా కలిసి గొంతులు తాజా చేసి పెట్టారనుకుంది. మరదలి కోపం చల్లారిందనుకుంది. ఏం మాట్లాడారో వినలేదు. తల్లులు డబ్బాతో చెప్పుకున్నది ల్యాబులో ఎవరూ వినకూడదని నియమం. ఆ నియమం పెట్టింది కూడా ఆమే.

*

అంగన్‌వాడీ సెంటరు తండాకు కాస్త ఎడంగా, తారురోడ్డు పక్కన ఉంది. గురువారం పదింటికి రెండు కార్లు వచ్చి ఆగాయి. కమిటీవాళ్లు ఐదుగురు, నరహరి, కెమెరా పట్టుకున్న మనిషి ఒకడు. పదకొండు మంది పిల్లలు చాప మీద కూర్చున్నారు. పొద్దున్నుంచి ఆయమ్మే చూసుకుంటోంది. ఆమె తండా మనిషి, లంబాడీలోనే మాట్లాడింది కాబట్టి గింజలకు అప్పటిదాకా పనిపడలేదు.

టీచరు సుగుణ మంచిర్యాల మనిషి. కొత్త చీర కట్టుకుని, తలుపు దగ్గర శశికళను పక్కకు పిలిచింది.

"మేడం, పెద్దసార్లతోని ఒక్కమాట చెప్తరా? ఆర్నెల్లాయె అందరికి గింజలు పెట్టి. ఇప్పుడు ఒక్కరికి కూడ నా గొంతు యాదికి లేదు. బజార్ల ఎదురుపడి గింజ లేనప్పుడు పలకరిస్తే ఎవరో అనుకుని భయపడుతున్నరు."

"తర్వాత మాట్లాడదాం సుగుణా. మొదలుపెట్టు."

సుగుణ పిల్లల ముందుకు వెళ్లి నవ్వుతూ చేతులు చాపింది. "పిల్లలూ, అందరు గుండ్రంగ కూసోండ్రి. ఇయ్యాల మనింటికి చుట్టాలొచ్చిన్రు."

పిల్లలు ఒక్కసారిగా బిగుసుకుపోయారు. ముందు వరసలో ఉన్న మూడేళ్ల పిల్ల పెదవి వణికింది. పక్కవాడు చెవి పట్టుకుని గుమ్మం వైపు చూశాడు.

"ఏమైంది బంగారం? ఎందుకు భయపడుతున్నవ్?"

మూడేళ్ల పిల్ల బావురుమంది. ఆ వెనకే ఇద్దరు. సుగుణ ఒకరిని ఎత్తుకుని బుజ్జగించబోయింది. ఆమె ఎంత బుజ్జగిస్తే వాళ్లు అంత గింజుకుంటున్నారు. శశికళ పరుగున వెళ్లి ఆ మూడేళ్ల పిల్ల చెవి వెనక గింజ ఊడదీసి తన చెవి వెనక అదుముకుంది.

"ఏం కాలేదమ్మా, ఊరుకోండ్రి," అంటోంది సుగుణ.

శశికళ చెవిలో ఒక ఆడమనిషి రాగం తీసి ఏడుస్తోంది. ఏమీ కాలేదు నా తల్లీ, ఊరుకో నా తండ్రీ అని, శవం పక్కన కూలబడి పిలుస్తున్నట్టు పిలుస్తోంది. అది ఢావ్లో. పదకొండు మంది తల్లులు పదకొండు డబ్బాల ముందు కూర్చుని రెండేసి గంటలు ఏడ్చారు. ఇప్పుడు ఈ గదిలో ఎవరు ఏ తెలుగు మాట అన్నా, అది పదకొండు మంది పిల్లల చెవుల్లో కన్నతల్లి శోకమవుతుంది.

"ఏమిటమ్మా ఇదంతా?" అన్నాడు కమిటీ పెద్ద. పిల్లలు గొల్లుమన్నారు.

"కెమెరా ఆపండి," అన్నాడు నరహరి. ఇద్దరు పిల్లలు లేచి గుమ్మం దాటారు.

"ఆగండ్రి, పోకండ్రి," అంటూ సుగుణ వెంటపడింది. ఆమె ఆగమన్న కొద్దీ వాళ్లకు తల్లులు గుండె పగిలి పిలుస్తున్నట్టే ఉంది. పదకొండు మందీ చెప్పులు కూడా లేకుండా తండా దారి పట్టారు. చెవి వెనక గింజ పీకేసి, నోళ్లు మూసుకొమ్మని శశికళ అందరి మీదా అరిచింది. ఆ కంగారులో ఆమె నోట వచ్చిందీ తెలుగే.

*

తండా మొదట్లో, తండా పెద్ద నాయక్ ఇంటి ముందు, పదకొండు మంది తల్లులూ వరసగా కూర్చుని ఉన్నారు. ఒక్కరి కంట్లోనూ తడి లేదు. పిల్లలు ఎదురురావడం చూసి లేచారు.

మూడేళ్ల పిల్ల తల్లి మెడకు కరుచుకుని, "యాడీ, ఎందుకేడుస్తున్నవ్?" అని లంబాడీలో అడిగింది. ఒకడు తల్లి కొంగు పట్టుకుని ఎవరు కొట్టారో చెప్పమంటున్నాడు. ఇంకొకతి ఏమీ అనకుండా తల్లి చెంపలు తడుముతోంది. మూడో మెట్టు మీదున్న పదిమందీ మూడో మెట్టు మీదినుంచే దిగి వచ్చేశారు. తల్లులు గింజలు ఊడదీసి మట్టిలో పడేశారు.

రొప్పుతూ వచ్చిన ఆడపడుచును సాల్కీబాయి నిటారుగా నిలబడి చూసింది.

"శుక్రవారం అన్నవు గద వదినా. ఒక దినం ముందు నేనే దించిన."

"పిల్లలు జడుసుకున్నరు. ఎంత పని చేసినవ్ సాల్కీ," అంది శశికళ.

"జడుసుకున్నరు. తల్లి కోసం జడుసుకున్నరు. ఇంక మెట్లెక్కితే అది కూడ ఉండదని వీళ్లందరికి చెప్పిన." సాల్కీబాయి ఆమె భుజం మీదుగా దారి వైపు చూసింది. "నాది ఏది?"

కావేరి అందరికన్నా వెనక వస్తోంది. పరిగెత్తి పరిగెత్తి ఆగుతోంది, ఆగి చెవి ఒగ్గి వింటోంది. తండాలోకి వచ్చాక చుట్టూ లంబాడీ మాటలే కాబట్టి గింజ ఊరుకుంది. పిల్లకు ఏం చెయ్యాలో తోచినట్టు లేదు. సాల్కీబాయి మోకాళ్ల మీద కూలబడి రెండు చేతులూ చాపింది.

"రా నా తల్లీ. నీ యాడి ఈడనే ఉంది."

కావేరి దగ్గరకొచ్చింది. తల్లి మొహంలోకి చూసింది. రెండు వేళ్లతో ఆమె కళ్ల కింద తడిమింది. మూడు నెలల తర్వాత కూతురు తనంతట తాను ముట్టుకుంది, సాల్కీబాయి ఉండబట్టలేక నవ్వేసింది.

పొడిగా ఉన్న వేళ్లను కావేరి ఒకసారి చూసుకుంది. నవ్వుతున్న మొహాన్ని చూసింది. "నువ్వు కాదు," అంది.

అంతలో రోడ్డు మీదినుంచి సుగుణ కేక వినిపించింది. "కావేరీ, యాడున్నవ్ తల్లీ?"

పిల్ల చటుక్కున అటు తిరిగింది. "మా అమ్మ ఏడుస్తుంది," అని తెలుగులో చెప్పి, ఆ కేక వచ్చిన దిక్కుకు పరుగు తీసింది.

సాల్కీబాయి లేచి వెంటపడింది. కావేరీ, నా బంగారమా, నేనే యాడిని అని లంబాడీలో పిలిచింది. పిలుస్తూ పిలుస్తూ ఏడ్చింది, ఈసారి ఎవరూ నేర్పని ఏడుపు. గింజకు తెలుగు వినిపిస్తేనే పని. ఆ ఏడుపును అది పట్టించుకోలేదు, పిల్లా పట్టించుకోలేదు.

శశికళ సెంటరుకు చేరేసరికి కావేరి గదులన్నీ వెతుకుతోంది. వంటగదిలో చూసింది. గుడ్ల అట్టల వెనక చూసింది. బియ్యం బస్తాల సందులో తల దూర్చింది. "ఎవరి కోసం తల్లీ?" అని సుగుణ అడిగితే, ఆ గొంతు ఎక్కడినుంచి వస్తోందో తెలియక గిరుక్కున వెనక్కి తిరిగి, సుగుణను దాటుకుని బీరువా తలుపు లాగింది. కమిటీవాళ్లు గోడవారగా నిలబడి చూస్తున్నారు. నరహరి ఏదో అనబోతే శశికళ చెయ్యెత్తి ఆపింది.

పిల్లను ఒళ్లోకి తీసుకుని ఆమె గింజ ఊడదీసింది. గోరంత బిళ్ల, చిన్నగా చప్పుడు చేసి వచ్చేసింది. కావేరి చేతుల్లో గింజుకోవడం మానేసింది. తల పక్కకు వంచి చాలాసేపు విన్నది.

"ఊకున్నది," అంది. "అమ్మ ఏడ్సుడు బంద్ చేసింది. ఇగ వస్తది."

"కావేరీ, మీ యాడి ఇంటికాడున్నది. పోదం పా," శశికళ లంబాడీలో అంది. ఆ మాటలు తనకు కానట్టే పిల్ల ఒళ్లోంచి జారి, చాప మీద గుమ్మానికి ఎదురుగా మఠం వేసుకుని కూర్చుంది. చేతులు ఒళ్లో పెట్టుకుంది. సుగుణ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటగదిలోకి వెళ్లిపోయింది.

సాల్కీబాయి పరిగెత్తుకుంటూ వచ్చి గుమ్మం పట్టుకుని నిలబడింది. జుట్టు ఊడిపోయింది, కన్నీళ్లకు మొహమంతా తడి.

కావేరి ఆ తడి మొహం కేసి కాసేపు చూసింది. తర్వాత మెడ సాచి ఆమె పక్కనుంచి రోడ్డు కనబడుతుందేమోనని చూసింది. కనబడలేదు.

"జర పక్కకు జరుగు," అని చెయ్యి ఊపింది. "మా అమ్మ వస్తది."

ఆ మాటలు సాల్కీబాయికి తెలియవు. ఆ చెయ్యి ఏమంటోందో తెలిసింది. శశికళ వైపు ఒక్కసారి చూసి, గుమ్మం వదిలి పక్కకు జరిగింది.